యానాం సాబ్, ఆయన నీరటి

‘నీరటి’ అనే నవల అట్ట మీద అనువాదకుడిగా వేసిన పేరు తప్పు. ఆ నవలను ఫ్రెంచి నుంచి తెలుగు చేసింది ఆ పేరున్న ఆచార్యుడు కాదు. అలియాబాదులో ఒక ద్రాక్షతోటకు మేనేజరుగా ఉండిన మనిషి. ముందుమాటలో ఆచార్యుడు ఇంకొక మాట కూడా రాశాడు. ఈ రచయితను ఇంతవరకు తెలుగువాళ్ళెవరూ చదవలేదట. అదీ తప్పే. నేను విన్నాను. నాతో పాటు ఇరవై మందికి పైగా ఆడవాళ్ళు విన్నారు. ద్రాక్షగుత్తులు బాగుచేస్తూ, అట్టపెట్టెల్లో సర్దుతూ, నాలుగు సీజన్లు విన్నారు.

ఫ్రెంచి రచయిత పేరు నేనిక్కడ రాయడం లేదు. అది అట్ట మీద ఉండవలసిన చోట ఉంది, కావలసినవాళ్ళు చూసుకోవచ్చు. నా గొడవ రెండో పేరు గురించి.

నాది రావల్కోలు. బడిలో ఉర్దూ మీడియం, అదీ మూడో తరగతి దాకా. తెలుగు అక్షరాలు పాతికేళ్ళ వయసు దాటాక దుకాణాల బోర్డులు, పొట్లాలు కట్టిన పాత పేపర్లు చూసి నేర్చుకున్నాను. మేడ్చల్‌లో మోటార్లకు వైండింగ్ కట్టే దుకాణం నడిపాను. తొంభైల మొదట్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎటు చూసినా రాతికడీల మీద ద్రాక్ష పందిళ్ళే. తోట ఉన్న చోట బోరు, బోరు ఉన్న చోట మోటారు, మోటారు కాలిన చోట నేను. అట్లా పోయినవాణ్ణే అలియాబాదు తోటకు.

కాయ మీద ఉన్న తోటకు రెండు రోజులు నీళ్ళు ఆగితే ఏమవుతుందో తోటలు చేసినవాళ్ళకు తెలుసు. నేను సైకిలు మీద సామాను వేసుకుని, చెమటలు కక్కుతూ పోయేసరికి పంపు షెడ్డు అరుగు మీద ఒక సన్నటి మనిషి కూర్చుని పుస్తకం చదువుతున్నాడు. తెల్ల పొట్టి చేతుల చొక్కా, తల మీద తాటాకు టోపీ. మేనేజరెక్కడ అని అడిగాను. తల ఎత్తకుండా ఒక వేలు పైకి చూపించాడు. ఆగమని. నాకు ఒళ్ళు మండింది. ఆ వేలు అట్లాగే గాలిలో ఉంది. కాసేపటికి దించి, ద్రాక్ష ఆకు ఒకటి తుంచి పేజీలో పెట్టి, లేచి రెండు చేతులూ జోడించాడు.

“క్షమించాలి మేస్త్రిగారూ. వాక్యం మధ్యలో ఉన్నానండి. రండి, నేనే మేనేజర్ని.”

ఆ వేలిని తర్వాత పదేళ్ళు చూశాను. లారీవాడు వచ్చినా అదే వేలు. తోట యజమాని పెద్దపటేలు జీపు దిగినా అదే వేలు. పటేలు కోపానికి ఊళ్ళో కుక్కలు కూడా పక్కకు జరిగేవి. ఆయన సైతం ఆ వేలు చూసి నిలబడి, మీసం సవరించుకుంటూ, వాక్యం అయ్యేదాకా ఆగడం నా కళ్ళారా చూసినదే.

మా దిక్కు బయటి నుంచి వచ్చినవాళ్ళను ఊరి పేరుతోనే పిలుస్తారు. బోర్లు వేసేవాడు సేలం ఆయన, బావులు తవ్వేవాళ్ళు పాలమూరోళ్ళు. ఈయన యానాం సాబ్. యానాం గోదావరి చివర ఉన్న ఊరు. మన దేశానికి స్వతంత్రం వచ్చాక కూడా కొన్నేళ్ళు ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉండింది. అక్కడి బడిలో చదివినందువల్ల ఆయనకు ఫ్రెంచి వచ్చు. ఫ్రెంచి వచ్చిన మనిషి అలియాబాదు ద్రాక్షతోటలో ఎందుకున్నాడని నేను అడగలేదు. పని ఎక్కడ దొరికితే అక్కడ ఉంటాడు మనిషి.

ఆ రోజు బోరులోంచి మోటారు పైకి తీసేంత సేపూ ఆ పుస్తకం సంగతే చెప్పాడు. ఫ్రెంచివాళ్ళు పోయాక బడి లైబ్రరీ ఖాళీ చేసి, పుస్తకాలు వరండాలో కుప్ప పోశారట. ఎవరికి కావలసినవి వాళ్ళు తీసుకోవచ్చు. తోలు అట్టలవి, బొమ్మలవి ముందే పోయాయి. సన్నటి పుస్తకాలు ఏడు మిగిలాయి. ఏడూ ఒకే రచయితవి. ఆ దేశంలో కొన్ని పుస్తకాలకు కాగితాల అంచులు కోయకుండానే అమ్ముతారట, చదివేవాడే కత్తితో కోసుకోవాలి. ఆ ఏడింటికీ అంచులు అతికే ఉన్నాయి.

“అంటే ఏంటండి? తెప్పించిన నాటి నుంచీ ఒక్కడూ తెరవలేదన్నమాట. జాలేసి తెచ్చుకున్నానండి. చదవడానిక్కాదు.”

తెచ్చుకున్నాక అయిదేళ్ళ పాటు ఒక్కటి కూడా పూర్తి చేయలేకపోయాడు. కథ ముందుకు పోదు, హత్య లేదు, ప్రేమ ఉన్నా చెప్పుకోరు. ఆ తర్వాత టైఫాయిడ్ వచ్చి నెల రోజులు మంచం మీద ఉన్నప్పుడు, చేతికందేది ఇంకేదీ లేక, మొదటి పుస్తకాన్ని చివరిదాకా చదివాడు. “ఏమీ జరగదండి మావాడి పుస్తకంలో. అయిపోయాక వెనక్కి చూస్తే అంతా జరిగిపోయి ఉంటుంది.”

మావాడు. రచయితను ఆయన ఎప్పుడూ మావాడనే అన్నాడు. మావాడు కాలువల ఆఫీసులో గుమాస్తా అండి, మావాడు నలభై ఏళ్ళు దాటగానే పోయాడండి, మావాణ్ణి వాళ్ళ దేశంలోనే మరిచిపోయారండి. ఒక పుస్తకం లోపల మావాడి ఫొటో కూడా ఉంది. ఎండకు కళ్ళు చికిలించుకుని, ఎవరో పిలిస్తే ఇప్పుడే ఇంట్లోంచి బయటికి వచ్చినట్టు నిలబడ్డ మనిషి. ఏదన్నా మాట తెలుగులో కుదరకపోతే సాబ్ ఆ ఫొటో తీసి కొంతసేపు చూసేవాడు. నేను నవ్వితే, “అడుగుతున్నానండి” అనేవాడు.

చదవడం ఎట్లా మొదలైందంటే, కొట్లాట వల్ల. పొద్దున కోసిన గుత్తులు పది గంటలకు రేకుల షెడ్డులోకి వచ్చేవి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, ఒక్కొక్క గుత్తిని కాడ పట్టి ఎత్తి, చిన్న కత్తెరతో పగిలిన పండ్లు, ఎండిన పండ్లు తీసేయాలి. పండు మీద వేలు పడకూడదు. పడితే పైనున్న తెల్లటి పొడి చెదిరి మచ్చ కనబడుతుంది. ఆ పనికి కళ్ళు కావాలి, చేతులు కావాలి. చెవులు, నోరు ఖాళీ. ఖాళీ నోళ్ళు ఊరకుంటాయా? ఒకనాడు ఇద్దరు కత్తెరలు పట్టుకుని లేచారు. సాబ్ మధ్యలోకి పోయి ఇద్దరికీ దండం పెట్టి, తన గదిలోంచి పుస్తకం తెచ్చి, బోర్లించిన పెట్టె మీద కూర్చున్నాడు.

మొదట చేతులు కడుక్కునేవాడు. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకునేవాడు. ఒక వాక్యం ఫ్రెంచిలో చదివేవాడు, దాన్నే తెలుగులో చెప్పేవాడు. మళ్ళీ ఫ్రెంచి, మళ్ళీ తెలుగు. మొదటి రోజు ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. వాళ్ళ పెద్ద ఈరమ్మ. అలియాబాదు మనిషి, షెడ్డులో ఆమె మాటకు ఎదురుండదు. ఆమె అన్నది:

“ఓ సాబ్, గా పావురాల కూత ఇడ్సిపెట్టి మనుషుల మాట జెప్పరాదు.”

“మావాడి గొంతు కూడా వినాలి కదండీ ఈరమ్మగారూ.”

గారూ అనేసరికి నవ్వు ఇంకా పెరిగింది. కూలి ఆడవాళ్ళను అండీ, గారూ అని పిలిచినవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. వాళ్ళూ చూడలేదు. ఎగతాళి చేస్తున్నాడేమోనని వారం రోజులు అనుమానపడ్డారు. కాదని తెలిశాక ఆ రెండు మాటల కోసమే పనికి తొందరగా వచ్చినవాళ్ళు ఉన్నారు.

చదివింది ఏడు పుస్తకాల్లో ఒక్కటే. ఆ దేశంలో పెద్ద కాలువల మీద పడవల్లో సరుకు పోతుంది. కాలువ ఒక చోట ఎత్తు, ఒక చోట పల్లం. మధ్యలో రెండు జతల పెద్ద చెక్క తలుపులు. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపు మూసి, నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది. అప్పుడు ముందు తలుపు తీస్తారు. గోదావరి దిక్కు వీటినే లాకులంటారట. మేమెవ్వరం చూడలేదు. సాబ్ రెండు అట్టపెట్టెలు, ఒక బకెట్టు, వేపాకు పడవ పెట్టి చూపించాడు. పెట్టెలు తడిసి చినిగిపోయాయి గాని సంగతి అర్థమైంది. కథలో మనిషి ఆ తలుపులు తీసి మూసేవాడు. రోడ్డు పడి లారీలు వచ్చాక పడవలు తగ్గిపోతాయి. రోజుకు ఇరవై వచ్చేవి వారానికి ఒకటి, తర్వాత నెలకు ఒకటి. ఆఫీసువాళ్ళు మాత్రం ఏటేటా తలుపులకు వేయమని ఆకుపచ్చ రంగు డబ్బాలు పంపుతూనే ఉంటారు. అతను వేస్తూనే ఉంటాడు. కథ ఇంతే.

“జీతం అస్తున్నదా ఆయనకు?” అని ఒకామె అడిగింది.

వస్తోందండి అన్నాడు సాబ్.

“మరి ఇగ బాధేంది?”

చదవనివ్వండి అన్నాడు.

రంగు వేసే భాగం పన్నెండు పేజీలు ఉంది. కొంచెం దాటేయమని అందరం అడిగాం. దాటేయలేదు. విసుగున్న చోట విసుగు కూడా చదవాలండి, అది మావాడు కావాలని పెట్టింది, అన్నాడు. ఒక్క మాట కలపడు, ఒక్క మాట తీయడు. భార్య ఏమీ అనలేదు అని పుస్తకంలో ఉంటే, ఆమె ఎందుకనలేదు, నేనైతే ఇట్లంటుంటి అని షెడ్డులో ఇరవై జవాబులు లేచేవి. సాబ్ అన్నీ వినేవాడు. “బావుందండి. కానీ మావాడు అనిపించలేదు.” ఏ రోజు చెప్పింది ఆ రోజు సాయంత్రం, లారీ పోయాక, నోటుపుస్తకంలో రాసుకునేవాడు.

నేను వారానికి ఒకటి రెండుసార్లు మోటారు చూసే సాకుతో పోయేవాణ్ణి. మోటారుకు ఏమీ కాలేదని పటేలుకు కూడా తెలుసు. ఒకసారి సాబ్‌ను పట్టుకున్నాను. పుస్తకంలో మనిషి, తలుపులో నీళ్ళకు అడ్డంగా ఉండే పలక దించడానికి పిడిని కుడికి తిప్పాడని రాసి ఉంది. పళ్ళచక్రం లెక్క ప్రకారం కుడికి తిప్పితే పలక లేవాలి గాని దిగదు.

“మీవాడు గిక్కడ తప్పు రాసిండు సాబ్. చేత్తోని తిప్పినోడు గిట్ల రాయడు,” అన్నాను.

సాబ్ ముఖం వాడిపోయింది. ఆ రోజు చదవడం అక్కడితో ఆపేశాడు. నాలుగు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, అలియాబాదు నుంచి మేడ్చల్ దాకా సైకిలు తొక్కుకుంటూ నా దుకాణానికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. సుద్దముక్క అడిగి తీసుకుని, నేల మీద మోకాళ్ళ మీద వంగి బొమ్మ గీశాడు. పలకను ఎత్తి దించే పళ్ళ కడ్డీ చక్రానికి ఇవతల కాదు, అవతల ఉంది. ముప్పై పేజీల ముందే రచయిత ఆ మాట చెప్పి ఉన్నాడు, మేమే మరిచిపోయాం. నేను ఊరికే ఒప్పుకునేవాణ్ణి కాదు. పాత సామానులోంచి చక్రం ఒకటి, పళ్ళ కడ్డీ ఒకటి తీసి, బల్లకు బిగించి తిప్పి చూశాను. కుడికి తిప్పితే దిగింది.

“మీవాడు పని జేసిన మనిషే సాబ్,” అన్నాను.

ఎప్పుడు టీ తెప్పించినా వద్దనే మనిషి ఆ రోజు రెండు కప్పులు తాగాడు. మరి నేను? అరవై ఏళ్ళ వయసులో మొదటిసారి, పుస్తకం రాసేవాడు పని తెలిసినవాడై ఉండవచ్చని ఒప్పుకున్నాను. పత్రికల్లో రైతు మీద, కూలీ మీద ఎన్నో కథలు చదివాను. నాగలి ఎట్లా పడతారో తెలియనివాళ్ళు రాసినవి. ఆ కథల్లో మనుషులు ఎప్పుడూ ఏడుస్తూనో అరుస్తూనో ఉంటారు. ఈ ఫ్రెంచివాడి మనిషి ఇరుసుకు గ్రీజు పెడతాడు, మిగిలింది వేలికి ఉంటే తుడవకుండా తలుపు బందుకు రాస్తాడు. నేనూ అట్లాగే రాస్తాను. నా బతుకు మీద ఒకడు రాశాడనిపించింది. వాడు ఎప్పుడో పోయిన మనిషి. ఎక్కడివాడో.

ఇక నీరటి సంగతి.

మూడో సీజనులో అనుకుంటాను. కథలో పదకొండు నెలలుగా ఒక్క పడవ రాలేదు. ఒక పొద్దున ఆ మనిషి ఒంటి మీద బనియనుతోనే ఆలుగడ్డ నాటుతుంటే దూరంగా పడవ కొమ్ము వినపడుతుంది. తలుపుల దగ్గరికి ఉరకాలి కదా. ఉరకడు. ఇంట్లోకి ఉరుకుతాడు, ఇత్తడి గుండీల సర్కారు కోటు కోసం. ఇంట్లో భార్య అప్పటికే ఆ కోటు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇద్దరూ మాట్లాడుకోరు. ఆమె గుండీలు పెడుతుంది. బయట పడవ ఆగి ఉంటుంది. కోటు వేసుకుని పోతే పడవవాడు అంటాడు, దారి తప్పాను, ఇక్కడ పడవ తిప్పుకోవచ్చునా అని.

సాబ్ అక్కడ ఆపాడు. కత్తెరలు అన్నీ ఆగి ఉన్నాయి. ఈరమ్మ చేతిలో గుత్తిని పెట్టెలో పెట్టి, తల ఎత్తకుండా మాట్లాడింది. ఆమె తండ్రి శామీర్‌పేట చెరువుకు నీరటి. తూము తీసి, ఏ పొలానికి ఎంతసేపు నీళ్ళు పోవాలో వదిలి, మళ్ళీ మూసేవాడిని మా దిక్కు నీరటి అంటారు. తరాలుగా ఆ పని ఒక ఇంటిది.

“మా నాయిన గూడ గంతే సాబ్. తూము తియ్యవోతుంటే తలకు రుమాలు సుట్టుకునే పోతుండె. సూసేటోడు ఎవ్వడు లేకున్న. మా అవ్వ మడత వెట్టి సేతికిస్తుండె.” కత్తెర చేతికి తీసుకుంటూ మళ్ళీ అన్నది, “గాయన నీరటి. నువ్వేమో లాకులాయన లాకులాయన అంటవు.”

“నీరటి నీళ్ళు వదుల్తాడండి. మావాడి మనిషి పడవల్ని వదుల్తాడు. తేడా ఉంది కదా.”

“ఏది ఇడ్సినా తలుపు తీసేది ఆయనే గద.”

సాబ్ ఫొటో తీసి చూశాడు. ఆ రోజు ఏమీ తేల్చలేదు. లాకు అనే మాట ఆయనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన మాట. వాళ్ళ ఊరి దిక్కు కాలువల మీద రోజూ చూసినది. దాన్ని వదులుకోవాలి. వదులుకుంటే అనువాదం కొంత తప్పవుతుంది కూడా. పది రోజులు ఆ చోటు దాటి చదవలేదు, వెనక భాగాలే మళ్ళీ చదివాడు. ఒక ఆదివారం నన్ను తోడు తీసుకుని శామీర్‌పేట చెరువు కట్ట మీదికి పోయాడు. తూము చూపించాను. చుట్టూ తిరిగి చూశాడు, వంగి చూశాడు, రాళ్ళను చేత్తో తడిమి చూశాడు. ఈరమ్మ తండ్రి నిలబడే చోటు ఏదని అడిగాడు. నాకు తెలియదన్నాను. అయినా ఒక చోట చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక్క మాట అన్నాడు:

“మావాడికి తెలుగొస్తే ఏ మాట వాడేవాడండీ?”

మర్నాడు చేతులు కడుక్కుని, పెట్టె మీద కూర్చుని, ఫ్రెంచి వాక్యం చదివి, తెలుగులో చెప్పాడు: “నీరటి కోటు తొడుక్కున్నాడు.” ముందు ఒక మాట చెప్పలేదు, వెనక ఒక మాట చెప్పలేదు. ఈరమ్మ తర్వాతి గుత్తి ఎత్తింది. ఆ సాయంత్రం నోటుపుస్తకాల్లో మొదటి నుంచీ లాకులాయన అని ఉన్న ప్రతిచోటా కొట్టేసి, పైన నీరటి అని రాసుకుంటూ కూర్చున్నాడు.

అచ్చయిన పుస్తకం పేరు ‘నీరటి’. ముందుమాటలో ఆచార్యుడు, ఈ మాటను తాను చాలా ఆలోచించి ఎన్నుకున్నానని రాసుకున్నాడు.

ఆచార్యుడు తోటకు వచ్చింది తొంభై తొమ్మిది ప్రాంతంలో. అప్పట్లో సిటీవాళ్ళు ఆదివారాలు కార్లలో ద్రాక్షతోటలు చూడటానికి వచ్చేవాళ్ళు. పందిరి కింద ఫొటోలు దిగి, రెండు పెట్టెలు కొనుక్కుని పోయేవాళ్ళు. ఆచార్యుడు సాబ్ చేతిలో ఫ్రెంచి పుస్తకం చూసి ఆగిపోయాడు. రెండు గంటలు కూర్చున్నాడు. సాబ్ చదివాడు. అంత సంతోషంగా చదవడం నేను ఎన్నడూ చూడలేదు. పోయేటప్పుడు ఆచార్యుడు అయిదు నోటుపుస్తకాలూ అడిగి తీసుకున్నాడు. అచ్చు సంగతి చూస్తానన్నాడు. కారు పోయాక నేను అడిగాను, నకలు లేకుండా ఎట్ల ఇస్తివి సాబ్ అని.

“చదివేవాడు దొరకడమే కష్టవండీ. దొరికినవాణ్ణి అనుమానిస్తే ఎలాగ?”

రెండేళ్ళు గడిచాయి. నేను ఆ మాట ఎత్తినప్పుడల్లా, మావాణ్ణి గబగబా చదవకూడదండి, ఆయన నెమ్మదిగా చదువుతున్నట్టున్నారు, అనేవాడు. ఉత్తరం రాయమన్నాను. తొందరపెట్టినట్టుంటుందని రాయలేదు. ఆ రెండో ఏడు, ద్రాక్ష కత్తిరింపుకు ముందు, పంపు షెడ్డు పక్క గదిలో నిద్రలోనే పోయాడు. దహనం తోటవాళ్ళమే చేశాం. ట్రంకుపెట్టెలో నాలుగు చొక్కాలు, ఏడు పుస్తకాలు ఉన్నాయి. “నువ్వు తీస్కపో మేస్త్రి. చేతులు కడుక్కొని ముట్టేటోనివి నువ్వొక్కనివే,” అన్నది ఈరమ్మ. తెచ్చుకున్నాను. నాకు ఒక్క అక్షరం రాదు. పుస్తకాల మీద బడి ముద్ర తప్ప ఇంకేమీ లేదు.

తర్వాత బోర్లు ఎండాయి. పెద్దపటేలు పోయాడు. ఆయన కొడుకు తోట తీయించి ప్లాట్లు చేశాడు. కడీలు పీకి ఎవరికో అమ్మేశారు. నేనూ దుకాణం మూసేశాను.

కళ్ళద్దాలు మార్పించుకోవడానికి అల్వాల్ పోయినవాణ్ణి, అద్దాలు తయారయ్యేదాకా పక్కనున్న పుస్తకాల దుకాణంలో నిలబడ్డాను. ‘నీరటి’ అనే మాట కనపడింది. మా దిక్కు మాట ఇక్కడెందుకుందని పాత అద్దాలతోనే తెరిచాను. ఇత్తడి గుండీల కోటు, ఆకుపచ్చ రంగు డబ్బాలు, కుడికి తిప్పే పిడి. అక్కడే బల్ల మీద కూర్చున్నాను. పుస్తకం కొని నేరుగా అలియాబాదు పోయి, ఈరమ్మను కూర్చోబెట్టి కోటు పేజీ చదివాను. ఆమె విని, “మా మాట ఉంచిండ్రు,” అన్నది. తర్వాత అట్ట మీద వేలు పెట్టి, సాబ్ పేరు ఏదని అడిగింది. లేదన్నాను. ఆ ఉన్నది ఎవరిదో చెప్పాను.

“మరి ఊకుంటవా?” అన్నది.

ఊరుకోలేదు. ప్రచురించినవాళ్ళకు నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిది మర్యాదగా రాశాను. రెండోది కొంచెం తక్కువ మర్యాదగా రాశాను. మూడోదానిలో షెడ్డులో విన్నవాళ్ళలో బతికున్న తొమ్మిది మందితో సంతకాలు, వేలిముద్రలు పెట్టించి పంపాను. నాలుగోది రిజిస్టరు పోస్టు. అందులో పన్నెండు పేజీలు, చదివే పద్ధతి నుంచి చెరువు కట్ట దాకా, ఇక్కడ రాసినదంతా రాశాను. రెండో ముద్రణలో అట్ట మీద పేరు మార్చాలని అడిగాను. ఇంకేమీ అడగలేదు.

జవాబు వచ్చి మూడు నెలలైంది. వచ్చిన మర్నాడే పెద్దపటేలు కొడుకు దగ్గరికి పోయాను. ఆఫీసులో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. బాపు రాసుకున్న దస్తరాలన్నీ చెదలు తిన్నాయన్నాడు. ఓటర్ల లిస్టు చూశాను. సాబ్ ఓటు యానాంలోనే ఉందని ఎప్పుడో అన్న మాట గుర్తుంది, అయినా చూశాను. పంచాయతీ ఆఫీసులో చావుల రిజిస్టరు తీయించాను. ఆ ఏడు, ఆ నెల, ఆ వరస దొరికింది. మృతుని పేరు ఉన్న చోట ‘యానాం సాబ్’ అని ఉంది. తండ్రి పేరు దగ్గర గీత. సమాచారం ఇచ్చినవారి సంతకం నాది. క్లర్కు పేరు అడిగినప్పుడు ఆ మాటే చెప్పి, చదువుకోకుండానే సంతకం పెట్టి వచ్చిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది.

ఈరమ్మను అడిగాను. యానాం సాబే గదా అన్నది. అది ఊరి పేరన్నాను. “మనల్ని పేరు వెట్టి గారూ అని పిలుస్తుండె. మనమెన్నడన్న అడిగినమా?” అన్నది.

రైల్లో కాకినాడ పోయి, అక్కడి నుంచి బస్సులో యానాం కూడా పోయి వచ్చాను. టీ హోటలు దగ్గర పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. ఏడు పుస్తకాల్లో ఒకటి చూపించాను, మనిషి పోలికలు చెప్పాను, గాలిలో వేలు ఎత్తి చూపించాను. వాళ్ళు మంచిగానే మాట్లాడారు. “ఫ్రెంచి చదివి ఊరొదిలినోళ్ళు సగం ఊరండి బాబూ. ఇంటిపేరు చెప్పండి, ఇట్టే పట్టేద్దాం,” అన్నారు. ఇంటిపేరు నా దగ్గర లేదు.

ఆచార్యుడి మీద నా కోపం తగ్గలేదు. తాను ఎన్నుకున్నానని రాసుకున్న మాట ఈరమ్మది. దానికి ఆయన సమాధానం చెప్పుకోవలసిందే. కాని ఇప్పుడు ఇది రాయడం అందుకు కాదు. అలియాబాదు తోటల్లో పనిచేసినవాళ్ళు గాని, యానాం బడిలో కలిసి చదివినవాళ్ళు గాని దీన్ని చదివి, ఆ మనిషిని గుర్తుపడితే, ప్రచురణకర్తలకే నేరుగా రాయండి. వాళ్ళు నాకు పంపిన జవాబు ఇది, ఉన్నది ఉన్నట్టు:

“అయ్యా, మీ నాలుగు ఉత్తరాలూ అందాయి. ఆలస్యానికి మన్నించండి. ఆచార్యులవారిని అడిగాము. నోటుపుస్తకాలు ద్రాక్షతోటలో ఒకాయన ఇచ్చిన మాట నిజమేనని, ఆయన పేరు తెలియనందువల్ల వేయలేకపోయానని చెప్పారు. అది సరైన కారణమని మేము అనుకోవడం లేదు. రెండో ముద్రణ ఆపి ఉంచాము. అనువాదకుని పేరు మార్చి వేస్తాము. మీ ఉత్తరాలు నాలుగూ మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివాము. వాటిలో కూడా ఆయన పేరు మాకు కనపడలేదు. దయచేసి పేరు, ఇంటిపేరుతో సహా, రాసి పంపగలరు.”